మినీ ట్రాక్టర్ కొంటున్నారా? పనిముట్లు ముందు తేల్చుకోండి, బండి తర్వాత

షోరూమ్‌లో అడుగుపెట్టగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే: "ఎన్ని హెచ్‌పీ చూస్తున్నారన్నా?" నేను అక్కడే పప్పులో కాలేశాను. 24 హెచ్‌పీ అని చెప్పి, ఈఎంఐ లెక్క వేసుకుని, అడ్వాన్సు కట్టి వచ్చేశాను. రెండు నెలల తర్వాత బత్తాయి తోటలో మందు కొట్టే బ్లోయర్ కొనబోతే అసలు సంగతి బయటపడింది. నాకు నచ్చిన 600 లీటర్ల ట్యాంకు నిండా నీళ్లు పోస్తే నా బండి లిఫ్ట్, అంటే పనిముట్టును పైకెత్తే వెనక చేతులు, ఎత్తలేదు. చిన్న ట్యాంకుతో సర్దుకున్నాను. ఇప్పటికీ మందు కొట్టే రోజు బోరు దగ్గరికి అదనంగా నాలుగు తిరుగుళ్లు తప్పడం లేదు.

అందుకే నేను చెప్పే వరస షోరూమ్ వరసకు తలకిందులుగా ఉంటుంది. ముందు పొలం, తర్వాత పనిముట్టు, ఆఖర్న బండి. ఆప్షన్ల దగ్గర ఒక్క ప్రశ్న చాలు: ఇది తర్వాత బిగించుకోగలనా? బిగించుకోలేనిదైతే అప్పు చేసైనా ఇప్పుడే తీసుకోవాలి. బిగించుకోగలిగేదైతే ఎంత బతిమాలినా ఇప్పుడు వద్దు. ఇక్కడ మినీ అంటే 20 నుంచి 30 హెచ్‌పీ మధ్య బండ్లు: మహీంద్రా జీవో 245, కుబోటా నియోస్టార్ బి2441, స్వరాజ్ టార్గెట్ 630 లాంటివి.

1. టేపు పట్టుకుని పొలంలోకి వెళ్లండి

మూడు కొలతలు కాగితం మీద రాసుకోండి. సాళ్ల మధ్య నిజంగా మిగిలిన ఖాళీ, అన్నిటికంటే కింద ఉన్న కొమ్మ ఎత్తు, బండి వెళ్లాల్సిన ఇరుకు దారి వెడల్పు.

మొదటిది చాలామంది నోటిలెక్కగా చెప్పేస్తారు. "మాది ఇరవై అడుగుల ఎడం" అంటారు. అది మొక్క నాటిన రోజు లెక్క. మా తోటలో పదేళ్ల చెట్ల మధ్య, కొమ్మ చివరి నుంచి కొమ్మ చివరికి కొలిస్తే ఏడున్నర అడుగులు వచ్చింది. కాయ బరువుకు కొమ్మలు వంగితే ఇంకా తక్కువ.

పత్తి, మిర్చి రైతులకు లెక్క వేరు. పత్తి సాలుకు సాలుకు 90 సెంటీమీటర్లు ఉంటే, వెనక రెండు టైర్ల మధ్యలో ఒక సాలు ఇమిడేలా చక్రాల ఎడం కూడా 90కి రావాలి. కొన్ని మినీ బండ్లకు రిమ్మును తిప్పి బిగించి ఈ వెడల్పు మార్చుకోవచ్చు, కొన్నిటికి వీలుండదు. కేటలాగులో ఉందో లేదో చూసి ఊరుకోకండి, ఎలా మారుస్తారో చూపించమనండి. బండి పొట్ట కింది ఎత్తు కూడా కొలవండి. పూత మీదున్న పత్తి మీదుగా బండి పోవాలంటే ఆ అంగుళాలే లెక్క.

కొమ్మల కింద తిరిగే వాళ్లు సైలెన్సర్ గొట్టం చూడండి. నిటారుగా పైకి లేచిన గొట్టం తోటలో ప్రతి కొమ్మకీ తగులుతుంది. కొన్ని తోట మోడళ్లలో అది పక్కకో కిందికో వస్తుంది.

2. ఏడాది పనుల పట్టీ రాయండి

ఏ పని, ఏ నెలలో, ఎన్ని రోజులు. ఇది రాస్తే సగం పనిముట్లు వాటంతటవే ఎగిరిపోతాయి. గుంతలు తవ్వే డిగ్గర్ నాక్కూడా చాలా ముచ్చటగా అనిపించింది. పట్టీలో రాస్తే ఏడాదికి ఒకటిన్నర రోజు తేలింది. అలాంటిది అద్దెకు తెచ్చుకోవాలి. కొత్తగా ఆయిల్‌పామ్ వేస్తున్నవాళ్లకు 60 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతుతో వందల గుంతలు కావాలి కాబట్టి వాళ్లకు అవసరమే, కానీ ఆ ఒక్క సీజనుకే. నా కొలత ఇది: ఏడాదిలో పదిహేను రోజులకు మించి వాడేది కొనాలి, మిగతాది అద్దెకు. ఒకే వారంలో ఊరందరికీ అవసరమయ్యే పనిముట్టు మాత్రం దీనికి మినహాయింపు. అదును దాటిపోయాక అద్దె బండి దొరికినా ఉపయోగం లేదు.

3. రెండు లెక్కలు వేయండి

మొదటిది బరువు లెక్క. మీ పట్టీలో లిఫ్ట్ మీద ఎక్కే అతి బరువైన పనిముట్టు ఏది? తోటల్లో అది దాదాపు ఎప్పుడూ మందు ట్యాంకే. 400 లీటర్ల నీళ్లంటే 400 కిలోలు. దానికి ఫ్రేము, పంపు, ఫ్యాను, ట్యాంకు బరువు కలపండి. సులువుగా 550 కిలోలు దాటుతుంది. ఇప్పుడు "మా లిఫ్ట్ 750 కిలోలు" అని డీలర్ అంటే సరిపోయినట్టే అనిపిస్తుంది. ఆగండి. ఆ 750 ఎక్కడ కొలిచారు? పనిముట్టు తగిలించే కింది చేతుల (లింకుల) కొన దగ్గరైతే ఒక సంఖ్య, దాని వెనక రెండు అడుగుల దూరంలోనైతే ఇంకా తక్కువ సంఖ్య. ట్యాంకు బరువంతా ఉండేది ఆ వెనకవైపే. బొక్కెన చేతిని దగ్గరగా పెట్టి పట్టుకోవడం వేరు, చెయ్యి చాచి పట్టుకోవడం వేరు కదా, అదే తేడా.

ఎత్తగలిగినంత మాత్రాన పని అయిపోదు. వెనక బరువు పెరిగితే ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. మొత్తం బరువులో కనీసం ఐదో వంతు ముందు ఇరుసు మీద ఉండాలి. బ్లోయర్ కొనేవాళ్లు బండి ముందువైపు తగిలించే ఇనుప బరువుల ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. అవి తర్వాతైనా బిగించుకోవచ్చు, కాకపోతే బిగించే బ్రాకెట్ మీ మోడల్‌కు ఉందో లేదో ఇప్పుడే అడగండి.

రెండోది పీటీఓ లెక్క. పీటీఓ అంటే ఇంజిన్ శక్తిని వెనక పనిముట్టుకు అందించే తిరిగే కడ్డీ. బానెట్ మీద రాసేది ఇంజిన్ హెచ్‌పీ. తిరిగే బ్లేడ్లతో మన్ను పొడి చేసే రోటావేటర్‌కు అందేది పీటీఓ హెచ్‌పీ. 24 హెచ్‌పీ బండి అంటే పీటీఓ దగ్గర సుమారు 20 మిగులుతుంది. డీలర్ మాట మీద ఆధారపడక్కర్లేదు. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ ట్రాక్టర్ పరీక్షా సంస్థ ఉంది. అక్కడ పరీక్షించిన మోడళ్ల నివేదికల్లో పీటీఓ శక్తి, లిఫ్ట్ ఎత్తిన బరువు, డీజిల్ ఖర్చు కొలిచి రాస్తారు. డీలర్‌ను ఆ నివేదిక అడగండి. మన దగ్గర అనంతపురం జిల్లా గార్లదిన్నెలో దక్షిణాది యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. బండి నడపడం, మెయింటెనెన్స్ మీద రైతులకు శిక్షణ ఇస్తారు. ఇంట్లో కుర్రాడు కొత్తగా స్టీరింగ్ పట్టబోతుంటే అక్కడికి పంపండి.

4. కంపెనీలో బిగిస్తేనే వచ్చేవి

ఫోర్ వీల్ డ్రైవ్. మినీ బండి తేలిక. నల్లరేగడిలో చిన్న జల్లు పడ్డాక టూ వీల్ మినీతో రోటావేటర్ తోలితే వెనక చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. నా ఓటు ఫోర్ వీల్‌కే. ఎర్ర చెలకలో గొర్రు, ట్రాలీ తప్ప వేరే పని లేనివాళ్లకు టూ వీల్ చాలు, ఆ డబ్బు మిగులుతుంది. ఫోర్ వీల్ తీసుకున్నాక రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. తారు రోడ్డు మీద దాన్ని తీసేయాలి, లేకపోతే ముందు టైర్లు సబ్బులా అరిగిపోతాయి. టైర్లు మార్చేటప్పుడు ముందు, వెనక సైజులు కంపెనీ చెప్పిన జతలోనే ఉండాలి. చవగ్గా వచ్చిందని వేరే సైజు వేస్తే గేర్ల మీద పడుతుంది.

బ్రేకులు. ఆయిల్‌లో మునిగి ఉండేవే తీసుకోండి. దమ్ము చేసే వాళ్లకూ, ట్రాలీ లాగే వాళ్లకూ ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు.

క్లచ్, పీటీఓ. మామూలు సింగిల్ క్లచ్ బండిలో క్లచ్ తొక్కితే బండీ ఆగుతుంది, రోటావేటరూ ఆగుతుంది. గడ్డి చిక్కుకున్నప్పుడు బండిని ఆపి బ్లేడ్లను మాత్రం తిరగనివ్వాలంటే డ్యూయల్ క్లచ్ కావాలి, లేదా పీటీఓకు విడిగా లివర్ ఉండాలి. మందు కొట్టేటప్పుడు దీని విలువ ఇంకా తెలుస్తుంది. చెట్టు దగ్గర బండి ఆపినా స్ప్రే ఆగదు. పీటీఓలో నిమిషానికి 540 తిరుగుళ్ల మామూలు స్పీడుతో పాటు ఎకానమీ స్పీడు ఉంటే తేలిక పనులకు ఇంజిన్‌ను తక్కువ తిప్పి డీజిల్ మిగిల్చుకోవచ్చు. ఉంటే మంచిది. లేదని బాధపడక్కర్లేదు.

గేర్లలో అతి నెమ్మది గేరు ఎంతో అడగండి. రోటావేటర్ తోలేటప్పుడు మనిషి నెమ్మదిగా నడిచేంత వేగం రాకపోతే మన్ను పెళ్లలుగా మిగులుతుంది.

పవర్ స్టీరింగ్ సుఖం కోసం అనుకునేవాణ్ణి. సాలు చివర తిప్పుడు తిప్పుడుకీ మెకానికల్ స్టీరింగ్‌తో భుజం పట్టేశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

బోల్తా పడినప్పుడు కాపాడే ఇనుప చట్రం, దానితో పాటు సీటు బెల్టు. గట్లు, వాగులు, వాలు నేలలు ఉన్నవాళ్లు ఇది ఉన్న మోడలే చూడండి. తోటలవాళ్లకు మడతపెట్టే రకం నయం. చట్రం మడిచి ఉన్నంతసేపు బెల్టు పెట్టుకోకూడదు.

ఆగ్జిలరీ వాల్వ్, అంటే ట్రాలీ జాకీకీ పల్టీ నాగలికీ ఆయిల్ ఇచ్చే పాయింటు. కొన్ని మోడళ్లకు తర్వాత కూడా బిగిస్తారు, కానీ లోకల్‌గా పైపులు కోసి బిగించినవి కారుతుంటాయి. ట్రాలీ కొనే ఆలోచన ఉంటే బండితోనే తీసుకోండి.

తర్వాత చూసుకోదగ్గవి: పైన కప్పు, బంపర్, మంచి సీటు, అదనపు లైట్లు, టూల్ బాక్సు, పాటల డబ్బా. డీలర్ వీటిని "ప్యాకేజీ" అంటాడు. బయట సగం ధరకు దొరుకుతాయి.

5. పనిముట్లు, ఒక్కొక్కటిగా

రోటావేటర్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం, డబ్బు ఎక్కువ పోయేదీ పొరపాట్లు ఎక్కువ జరిగేదీ ఇక్కడే. 20 హెచ్‌పీ లోపు బండికి మూడు అడుగులది, 24 నుంచి 30 వరకు నాలుగు అడుగులది సరిపోతుంది. "ఐదడుగులదైనా లాగుతుందన్నా" అనేవాడు ఉంటాడు. లాగుతుంది, మెత్తటి ఇసుక నేలలో, రెండు అంగుళాల లోతులో. మీ నల్లరేగడిలో దించితే ఇంజిన్ మూలుగుతుంది.

వెడల్పుకు ఇంకో కొలత ఉంది. వెనక టైర్ల బయటి అంచు నుంచి బయటి అంచు వరకు కొలవండి. రోటావేటర్ కోత అంతకంటే తక్కువైతే, దున్నిన మడిలో రెండు వైపులా టైరు అచ్చు మిగిలిపోతుంది. అందుకే చక్రాల ఎడం, రోటావేటర్ వెడల్పు కలిపి ఆలోచించాలి. తోటలో అయితే పక్కకు జరిపి బిగించుకునే రకం చూడండి. బండి కొమ్మల బయట ఉంటుంది, బ్లేడ్లు కొమ్మల కిందికి వెళ్తాయి.

గేర్ డ్రైవా, చైన్ డ్రైవా? గేరుది బరువు, ధర ఎక్కువ, బరువు నేలలో నిలబడుతుంది. చైనుది తేలిక, తెగితే ఊళ్లోనే బాగుచేస్తారు. లిఫ్ట్ బలం తక్కువున్న బండికి చైన్ రకం తప్పేం కాదు. బ్లేడ్లలో ఎల్ రకం మన మెట్టకు మామూలుగా వాడేది. రాళ్ల చెలక అయితే బండి పీటీఓనూ రోటావేటర్‌నూ కలిపే షాఫ్ట్‌కు షియర్ బోల్టో, భారం మించితే జారిపోయే స్లిప్ క్లచ్చో తప్పకుండా ఉండాలి. రాయి తగిలితే విరగాల్సింది ఆ బోల్టే, గేర్‌బాక్సు కాదు. ఆ బోల్టులు పది కొని టూల్ బాక్సులో వేసుకోండి. విరిగిందని చేతికందిన గట్టి బోల్టు బిగిస్తే దాన్ని పెట్టిన ప్రయోజనమే పోయింది.

ఒక హెచ్చరిక. బత్తాయి, నిమ్మ తోటల్లో ఆహారం పీల్చే సన్నటి వేళ్లు పైపైనే ఉంటాయి. రోటావేటర్ నల్లగా, మెత్తగా, అందంగా దున్నుతుంది కదా అని పాదు దగ్గరికి లోతుగా దించకండి. పైగా ఏటా ఒకే లోతులో తిప్పితే దాని కింద గట్టి పొర కడుతుంది, నీళ్లు దిగవు. ఈ రెండు కారణాల వల్ల మూడేళ్ల నుంచి నేను సాళ్ల మధ్య స్లాషర్‌తో గడ్డి కోసి అక్కడే వదిలేస్తున్నాను. రోటావేటర్ ఏడాదికి ఒక్కసారే బయటికి వస్తుంది. ముందే తెలిసుంటే దాన్ని అద్దెకే తెచ్చుకునేవాణ్ణి.

కల్టివేటర్: ఐదు కర్రులది చాలు. స్ప్రింగులు ఉన్న రకం రాళ్ల నేలకు మంచిది. పత్తిలో పాటుకు గుంటక బ్లేడు మన కమ్మరే చేసిస్తాడు, సాళ్ల కొలత తీసుకెళ్లండి.

బ్లోయర్ కొనేటప్పుడు ట్యాంకు సైజు మీ బరువు లెక్కను బట్టి, ఫ్యాను సైజు మీ పీటీఓ లెక్కను బట్టి. ఎక్కువ నీళ్లు కావాలనుకుంటే లిఫ్ట్ మీద మోసేది కాకుండా చక్రాలున్న, వెనక లాగే రకం చూడండి. నేను చూడాల్సింది అదే. కాకపోతే సాలు చివర తిప్పడానికి ఎక్కువ జాగా కావాలి.

ట్రాలీ. ఖాళీ ట్రాలీని మినీ బండి ఆడుతూ పాడుతూ లాగుతుంది. అసలు సంగతి లాగడం కాదు, ఆపడం. బండికంటే రెండింతల బరువున్న ట్రాలీ వాలులో వెనక నుంచి నెడుతుంటే బ్రేకు ఎంత తొక్కినా చాలదు. చిన్నది తీసుకోండి, వెనక రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అతికించండి, రోడ్డెక్కే ముందు రెండు బ్రేకు పెడళ్లను కలిపే కొక్కెం వేయండి. ఒక పెడలే తొక్కితే బండి గిర్రున తిరిగిపోతుంది. ఆయిల్‌పామ్ వాళ్లకు ఒక మాట: మట్టల మొదట్లో ఉండే ముళ్లు టైర్లను వదలవు. మట్టలు వరసగా ఒక సాలులో పేర్చి, రెండో సాలులోనే గెలల ట్రాలీ తిప్పుకోండి.

6. మీ పొలంలోనే డెమో అడగండి

షోరూమ్ వెనక గ్రౌండులో అన్ని బండ్లూ బాగానే నడుస్తాయి. మీ నేలలో, మీరు కొనబోయే పనిముట్టుతో ఒక గంట అడగండి. ట్యాంకు నిండా నీళ్లు పోయించి లిఫ్ట్ ఎత్తించండి. ఎత్తాక ఇంజిన్ ఆపి పది నిమిషాలు చూడండి. దానంతటదే గబగబా కిందికి జారితే లిఫ్ట్‌లో లోపం ఉన్నట్టే. ముందు చక్రం నేలను వదిలిందేమో చూడండి. రోటావేటర్ దించినప్పుడు ఇంజిన్ ఆర్‌పీఎం ఎంత పడిపోయిందో మీటరులో చూడండి. బండి మీరే నడపండి, సేల్స్ కుర్రాణ్ణి పక్కన నిలబెట్టండి.

పాత రోటావేటర్ ఇంట్లో ఉంటే దాన్ని కూడా తగిలించి చూడండి. మినీ బండ్లకు కేటగిరీ 1 లింకులు ఉంటాయి, కింది పిన్ను 22 మిల్లీమీటర్లు. పెద్ద ట్రాక్టర్ల కేటగిరీ 2 పిన్ను 28. పెద్దబండి పనిముట్టు పిన్నులే దూరవు. దూరేలా చేసినా, ఆ బరువు మీ బండి మోయలేదు.

7. కొటేషన్, బిల్లు

బండికి ఒక బిల్లు, ప్రతి పనిముట్టుకూ విడివిడిగా ఒక్కో బిల్లు. "మొత్తం కలిపి ఇంత" అన్న కాగితం ఒప్పుకోకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, ట్రాక్టర్ టైర్ల మీద 18 నుంచి 5కి వచ్చింది. పాత రేటుతో వేసిన కొటేషన్ ఎవరైనా చేతిలో పెడితే తిప్పి ఇచ్చేయండి.

పనిముట్ల మీద రాయితీ చూస్తున్నవాళ్లు వరస తప్పకండి. కేంద్రం యాంత్రీకరణ పథకంలో చాలా పనిముట్లకు చిన్న, సన్నకారు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు 50 శాతం, మిగతావాళ్లకు 40 శాతం వరకు ఉంటుంది, దానికీ ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. ముందు మండల వ్యవసాయ అధికారిని కలిసి, మంజూరు చేతికొచ్చాక కొనండి. ముందే కొని తర్వాత తిరిగితే చెప్పులరగడమే. ట్రాలీకి బండితో సంబంధం లేకుండా వేరే రిజిస్ట్రేషన్ కావాలి. ఇన్సూరెన్సులో ట్రాలీ కూడా రాసి ఉందా, చూసి సంతకం పెట్టండి.

8. డెలివరీ రోజు: షాఫ్ట్ కోయించుకోండి

కొత్త పనిముట్టుతో వచ్చే పీటీఓ షాఫ్ట్ అన్ని బండ్లకూ సరిపోయేలా పొడుగ్గా వస్తుంది. మినీ బండికి అది దాదాపు ఎప్పుడూ ఎక్కువే. కోయకుండా తగిలిస్తే నేల మీద ఉన్నంతసేపు బాగానే తిరుగుతుంది. లిఫ్ట్ ఎత్తేటప్పుడు లోపలి గొట్టం బయటి గొట్టంలో చివరంటా వెళ్లి గుద్దుకుంటుంది, ఆ తోపుడంతా బండి పీటీఓ బేరింగు మీద పడుతుంది. మా పక్క చేను అతనికి ఇరవై గంటలు కూడా తిరగకముందే సీలు పోయి ఆయిల్ కారింది. బండి తెచ్చిన మనిషి "బాగానే తిరుగుతోంది కదన్నా" అని తాళాలు ఇచ్చి వెళ్లిపోయాడు.

పద్ధతి ఇది. ఇంజిన్ ఆపి తాళం తీసి జేబులో వేసుకోండి. షాఫ్ట్‌ను రెండు ముక్కలుగా విడదీయండి. ఒకటి బండికి, ఒకటి పనిముట్టుకు తగిలించండి. పీటీఓ వేయకుండా ఇంజిన్ స్టార్ట్ చేసి, లిఫ్ట్‌ను నెమ్మదిగా కదిపి, రెండు కొనలూ ఒకదానికొకటి అతి దగ్గరగా వచ్చే ఎత్తు పట్టుకుని, మళ్లీ ఇంజిన్ ఆపండి. పనిముట్టు కింద దిమ్మ పెట్టండి. ఇప్పుడు రెండు ముక్కలనూ పక్కపక్కన పట్టి, ఒకదాని కొన రెండోదాని మొదలుకు ఒకటిన్నర అంగుళం ఇవతలే ఆగేలా సుద్దతో గీత పెట్టండి. లోపలి గొట్టం, బయటి గొట్టం, వాటి పైన ఉన్న ప్లాస్టిక్ తొడుగులు, అన్నిటినీ అంతే కొలతలో కోయాలి. ఆకురాయితో అంచులు నున్నగా రాకి, ఇనుప రజను తుడిచి, గ్రీజు పెట్టి కలపండి. ఆఖర్న పీటీఓ వేయకుండా ఇంజిన్ స్టార్ట్ చేసి, లిఫ్ట్‌ను పూర్తిగా దించి, పూర్తిగా ఎత్తి చూసి, మళ్లీ తాళం తీసి జేబులో వేసుకోండి. షాఫ్ట్ అతి పొడవుగా సాగినప్పుడు కూడా మూడో వంతు ఒకదానిలో ఒకటి ఉండాలి.

ప్లాస్టిక్ తొడుగు అడ్డంగా ఉందని తీసి పారేసేవాళ్లను చూశాను. నిమిషానికి 540 సార్లు తిరిగే షాఫ్ట్ లుంగీ అంచునో కండువానో పట్టిందంటే చెయ్యి తీసుకునే టైం ఉండదు. తొడుగు గొలుసును కదలని చోట కొక్కేనికి తగిలించి, అప్పుడు తాళం జేబులోంచి తీయండి.